స్టెతస్కోపు: ఒక మాట విరుపు

వైద్యుని మెడలో వ్రేలాడు స్టెతస్కోపు పేరు మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చినది. దాని పుట్టిల్లు మాత్రము పారిస్. 1816లో అచటి నెకేర్ ఆసుపత్రి వైద్యుడు రెనే లాయెనెక్, ఒక యువతి గుండె చప్పుడు వినవలసి వచ్చినపుడు, ఆమె రొమ్మునకు చెవి ఆనించుటకు సంకోచించెను. కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొనను ఆమె రొమ్మున ఉంచి, రెండవ కొనకు చెవి ఒగ్గెను. చప్పుడు మిక్కిలి స్పష్టముగా వినవచ్చెను. పిదప కొయ్య గొట్టమును సిద్ధపరచి, 1819లో ప్రకటించిన గ్రంథమున దానిని వర్ణించెను.

పేరునకు గ్రీకు పదములను గ్రహించెను. ‘స్తేథొస్’ అనగా రొమ్ము. ‘స్కొపెయిన్’ అనగా పరికించుట. అర్థమును బట్టి విడదీసినచో ‘స్తెతొ-స్కొప్’ అగును. కాని రెండు హల్లుల నడుమ విరుచుట ఫ్రెంచి వ్రాతలో సామాన్య నియమము. ఆ లెక్కను ‘స్తె-తొస్-కొప్’. రెండును చెల్లును.

ఈ చిక్కు తెలుగు విద్యార్థికి క్రొత్త కాదు. ‘స్కొ’ను మనము ఒక్క అక్షరముగా వ్రాయుదుము, గణవిభజనలో మాత్రము ఆ సంయుక్తాక్షరము వెనుకటి ‘తొ’ను గురువు చేయును. కన్ను ఒకచోట విరిచినదానిని చెవి వేరొకచోట విరుచును.

ఉచ్చారణ మరింత చిత్రము. ఫ్రెంచివారికి టకారము లేదు. వారి ‘టీ’ మన తకారము వలె దంత్యము. ‘టీ’ ప్రక్కన ‘హెచ్’ చేరినను ధ్వని మారదు. మాట చివరి ‘ఇ’ పలుకదు. ఊనిక కడపటి భాగముపై నిలుచును.

కావున బడిలో ఒక బాలుడు ‘స్తెతొస్కొప్’ అనినచో, ఉపాధ్యాయుడు దిద్దుటకు ముందు ఒక్క క్షణము చెవి ఒగ్గవలెను. ఆ పలుకు పారిస్‌కే దగ్గర.