వెబ్‌సైటు – విషయ నిర్వహణ

1991లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థ నుండి తొలి వెబ్‌సైటును లోకానికి అందించారు. ఆనాటి పుటలలో విషయమూ, దాని రూపాన్ని తెలిపే హెచ్‌టీఎంఎల్ గుర్తులూ ఒకే ఫైలులో కలిసి ఉండేవి. పుటలు వందకు చేరితే, అన్నింటిపైనా ఉండే శీర్షికలో ఒక్క అక్షరం మార్చడానికి వంద ఫైళ్లనూ సవరించవలసి వచ్చేది.

ఈ శ్రమను తగ్గించినదే విషయ నిర్వహణ వ్యవస్థ. ఇందులో వ్యాసాలు డేటాబేసులో ఉంటాయి. పుట రూపాన్ని నిర్ణయించే మూస వేరుగా ఉంటుంది. పాఠకుడు కోరినప్పుడు వ్యవస్థ ఆ రెండింటినీ జోడించి పుటను చూపుతుంది. కావున మూసను ఒక్కసారి సవరిస్తే పుటలన్నీ మారుతాయి. 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ ప్రారంభించిన వర్డ్‌ప్రెస్ ఈ కోవకు చెందినదే. ప్రోగ్రామింగ్ తెలియనివారు సైతం దీనిలో వ్యాసం రాసి ప్రకటించగలరు.

అయితే, ఇదివరకే ఉన్న వెబ్‌సైటుకు ఈ వ్యవస్థను జోడించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదట పాత ఫైళ్లన్నింటికీ నకళ్లు తీసి భద్రపరచాలి. కొత్త వ్యవస్థను వేరొక ఫోల్డరులో నెలకొల్పి, పరీక్షించిన పిదపనే పాత పుటలను ఒక్కొక్కటిగా తరలించాలి. పుట చిరునామా మారినట్లయితే, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తచోటికి పంపే ఏర్పాటు చేయాలి. 301 అనే సంకేతం ఆ పనికి ఉద్దేశించినదే. లేనిచో వారికి 404 అనే సంఖ్య ఎదురవుతుంది. ఎవరో తమ గ్రంథంలో పేర్కొన్న ఆధారం కాస్తా అడుగంటిపోతుంది.

ఇల్లు మారినవారు పాత గుమ్మం వద్ద కొత్త చిరునామా ఉంచి వెళ్లడం మర్యాద. వెబ్‌సైటుకూ ఆ మర్యాద వర్తిస్తుంది.