ఒక్క రాణి చాలు.. ఓపిక ఉందా?

తొలకరి వాన పడిన సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దగ్గర వీధిలైట్ల కింద ఓసారి చూడండి. ఉసిళ్లు కాదండోయ్, అవి చెదపురుగులు. సన్నటి నడుముతో, రెక్కలు రాల్చేసుకుని నేల మీద ఒంటరిగా పరుగెత్తే పెద్ద గండుచీమ కనిపిస్తే, అది చాలావరకు రాణే.

టెస్ట్ ట్యూబ్‌లో మూడో వంతు నీళ్లు పోసి, నీళ్లను తాకేలా దూది కుక్కండి. రాణిని వదిలి, మూతికి ఇంకో దూది ఉండ పెట్టండి. చీకట్లో ఉంచండి. తిండి అక్కర్లేదు. ఇక ఎగిరే పని లేదు కాబట్టి ఆ కండరాలనే కరిగించుకుని గుడ్లు పెడుతుంది, పిల్లల్ని సాకుతుంది.

మనం దొరికిపోయేది ఇక్కడే. నిమిషానికోసారి ఫోన్ చూసే అలవాటు కదా! నేను రోజూ టార్చ్ వేసి చూశా. తొమ్మిదో రోజుకి గుడ్లు లేవు. బెదిరిన రాణి తన గుడ్లు తానే తినేసింది. మరుసటి ఏడాది ఇంకో రాణి దొరికితే ట్యూబ్‌కి నల్లగుడ్డ చుట్టి అల్మారాలో పెట్టా, వారానికి ఒక్కసారే చూశా. నెలన్నరకు ఆరు బుల్లి శ్రామిక చీమలు! తొలి చీమలు ఎప్పుడూ చిన్నగానే ఉంటాయి. అప్పుడు మొదలెట్టండి చక్కెర నీళ్ల చుక్క, చచ్చిన దోమ.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఇంకో మాట. మార్కో డోరిగో 1992లో పీహెచ్‌డీ థీసిస్‌లో చీమలు దారి వెతికే తీరునే అల్గారిథంగా మలిచాడు. అదే యాంట్ కాలనీ ఆప్టిమైజేషన్. సిలబస్‌లో చదివినప్పుడు నాకు ఎక్కలేదు, అల్మారా ముందు కూర్చుంటే ఎక్కింది.

మా అమ్మ మాత్రం చక్కెర డబ్బా కింద నీళ్ల పళ్లెం పెట్టేసింది.