శుక్లాల ఆపరేషన్: గాటులోని విశేషాలు

తమిళనాడులోని రాజపాళయం పక్కనున్న ఛత్రపట్టి మగ్గాలు ఆసుపత్రుల బ్యాండేజీ గుడ్డకు పేరుపొందాయి. శుక్లాల ఆపరేషన్‌లో మాత్రం అసలు విశేషం కట్టులో కాదు, గాటులో ఉంది.

రాజపాళయం వాసి పి.ఎస్. కుమారస్వామి రాజా మద్రాసు ప్రీమియర్ (ముఖ్యమంత్రి) అయిన 1949లోనే, లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టారు. అది మన ఊళ్ళకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటిదాకా శుక్లం తీయించుకున్నవాళ్ళకు సోడాబుడ్డి కళ్ళద్దాలే గతి. వాటిలోంచి చూస్తే వస్తువు దాదాపు పాతిక శాతం పెద్దగా కనిపించేది. మెట్టు ఎక్కడుందో తెలియక పెద్దవాళ్ళు తడబడేవారు.

రాజపాళయానికి దగ్గరి పెద్ద నగరం మదురై. అక్కడ 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా ఆయన లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1992లో మొదలైన అరవింద్ వారి లెన్స్ తయారీ సంస్థ ఆరోల్యాబ్‌తో లెన్స్ పేదలకూ అందింది.

ఇక గాటు సంగతి. పాత పద్ధతిలో 10 నుంచి 12 మిల్లీమీటర్లు కోసి కుట్లు వేసేవారు. ఫేకో పద్ధతిలో శుక్లాన్ని లోపలే అల్ట్రాసౌండ్‌తో నలగ్గొట్టి పీల్చేస్తారు కాబట్టి 3 మిల్లీమీటర్ల లోపు చాలు. చిన్నకోత పద్ధతిలో కంటి తెల్లగుడ్డులో 6, 7 మిల్లీమీటర్ల సొరంగం చేస్తారు. కంట్లోని ఒత్తిడే దాన్ని మూసేస్తుంది, కుట్టు అక్కర్లేదు. గాటు పెట్టిన దిశలో కార్నియా వంపు కాస్త చదునవుతుంది, గాటు పెద్దదైతే మరింత. వయసు మీరిన చాలామందికి అడ్డంగా వంపు ఎక్కువ. అలాంటి కంటికి పైన కోస్తే సిలిండర్ పవర్ పెరుగుతుంది, కణత వైపు కోస్తే తగ్గుతుంది. ఇంత చిన్న ఎంపికతో చూపు మారడం నాకు నిజంగా అద్భుతమనిపిస్తుంది.

2005లో వెలువడిన పుణె పరిశోధనలో ఆరు వారాల తర్వాత అద్దాలు లేకుండా కనీసం 6/18 చూపు అందినవారు ఫేకోలో 81 శాతం, చిన్నకోత పద్ధతిలో 71 శాతం. అద్దాలు పెట్టాక రెండింటిలోనూ 98 శాతం. చిన్నకోతను తక్కువగా చూడాల్సిన పనిలేదు.

“మళ్ళీ పొర వచ్చింది” అని కొందరు ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు బెంగపడతారు. అది శుక్లం కాదు, లెన్స్ వెనుక మిగిల్చిన సంచి మసకబారడం. యాగ్ లేజర్‌తో నిమిషాల్లో తొలగిస్తారు.