శిష్యులే ఆమె కావ్యం

కిందటి నెల కాలేజీలో పద్యం చెబుతుండగా వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, ఇన్నేళ్ళుగా కావ్యాలు చెబుతున్నారు గదా, మీరొక్క కావ్యమైనా వ్రాయలేదేమండీ?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కాని, ఇంటికి వచ్చినా ఆ మాట మనసును వదలలేదు. ఆ రాత్రి నాకు గుర్తుకు వచ్చినావిడ రష్యా దేశపు బాలే గురువు అగ్రిప్పీనా వగనోవా.

బాలే అంటే మాటా పాటా లేకుండా, వాద్యసంగీతానికి అనుగుణంగా అంగవిన్యాసంతోనే కథ చెప్పే యూరపు నృత్యనాటకం. వగనోవా 1879లో సెయింట్ పీటర్స్‌బర్గులో పుట్టింది. తండ్రి అక్కడి మారిన్‌స్కీ నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపించే చిరుద్యోగి. కూతురు జారు ప్రభుత్వపు నాట్యపాఠశాలలో చదివి, 1897లో ఆ నాటకశాలలోనే నర్తకిగా చేరింది. ఆమె అందగత్తె కాదు. ఆనాటి నాట్యాచార్యుడు పెటిపాకు ఆమె నచ్చలేదు. చిన్న చిన్న ఏకనర్తనలలో ఆమెకు సాటి లేదని పేరు వచ్చింది గాని, ప్రధాన నర్తకి హోదా మాత్రం 1915 దాకా రాలేదు. మరుసటి యేడే ఆమె రంగస్థలం నుంచి విరమించింది.

1917లో విప్లవం వచ్చింది. ఆ యేడాది చివరనే భర్త మరణించాడు. జార్ల కాలపు విలాసం మనకెందుకు, బాలేను మూసివేయండి అన్నవారూ ఉన్నారు. అటువంటి రోజుల్లో ఆమె పాఠం చెప్పడానికి పూనుకొన్నది. 1921లో తాను చదివిన పాఠశాలకే ఉపాధ్యాయినిగా వచ్చింది.

నర్తకిగా ఉన్న రోజుల్లోనే, తనకు పట్టుబడని అడుగు ఎందుకు పట్టుబడడం లేదని విప్పి చూసుకోవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటే గురువుగా ఆమెకు పెట్టుబడి అయింది. ఇటాలియనుల బలం, ఫ్రెంచివారి లాలిత్యం, రష్యనుల భావం మూడింటినీ ఒక పద్ధతిలోకి తెచ్చింది. కాలు ఎంత ఎత్తు లేచినా, చెయ్యి ఎంత సుతారంగా కదిలినా, దాని మూలం వెన్నులో ఉండాలన్నది. శిష్యురాలు చేసి చూపిస్తే చాలదు. ఎందుకలా చేసిందో చెప్పగలగాలి. ఇదంతా 1934లో గ్రంథస్థం చేసింది. చిన్నయసూరి మన భాషకు బాలవ్యాకరణం కూర్చినట్లు, ఆమె ఆ నృత్యానికి వ్యాకరణం కూర్చిందనవచ్చు.

1925లో మరీనా సెమ్యోనోవా, 1928లో గలీనా ఉలనోవా, 1931లో నటాలియా దుదిన్‌స్కయా ఆమె తరగతి నుంచి బయటికి వచ్చారు. గురువుకు ఆలస్యంగా, అరుదుగా దక్కిన నాయిక పాత్రలు ఈ శిష్యురాళ్ళను వెతుక్కుంటూ వచ్చాయి. 1951లో వగనోవా కన్నుమూసింది. 1957లో ఆ పాఠశాలకు ఆమె పేరే పెట్టారు. శిష్యురాళ్ళూ గురువులయ్యారు. సెమ్యోనోవా వద్ద శిక్షణ పొందిన నికొలాయ్ సిస్కారిద్జే 2013లో అదే పాఠశాలకు అధిపతి అయ్యాడు.

మర్నాడు ఈ కథ క్లాసులో చెప్పాను. గంట కొట్టాక ఆ కుర్రవాడు వరండాలో నా వెనకాలే వచ్చి, సిగ్గుపడుతూ ఒక నోటు పుస్తకం చేతికిచ్చాడు. నిండా పద్యాలు! మూడో పద్యంలో యతి తప్పింది. నేను దిద్దలేదు. ఎందుకు తప్పిందో వాడి చేతనే చెప్పించాను.