పంటచేలపై విమానములు: ప్రమాదములు, వాని కారణములు

తెల్లవారుజామున, గాలి యింకను మేలుకొనని వేళ, చేనికి పది అడుగుల ఎత్తున ఒక చిన్న విమానము దూసికొని పోవుచుండును. దాని వెనుక మందు తెల్లని పొగమంచువలె పైరుపైకి దిగుచుండును. చేని చివర చెట్లు ఎదురుకాగానే విమానము పైకి లేచి, ఒక ప్రక్కకు వంగి, వెనుకకు మరలి, వచ్చిన దారి ప్రక్కనే తిరిగి క్రిందికి దిగును. ఒక్క ఉదయమున ఇట్లు ఎన్నో పదులసార్లు జరుగును. గట్టుమీద నిలచి చూచువారికి ఇది ముచ్చటైన దృశ్యమే. నడుపువాని సంగతి వేరు. ప్రయాణికుల విమానములో ఏదేని పొరపాటు జరిగినప్పుడు క్రింద వేల అడుగుల ఆకాశముండును. అది చోదకునికి ఆలోచించుకొనుటకు వ్యవధి నిచ్చును. మందు చల్లు విమానమునకు అట్టి వ్యవధి లేదు.

ఇట్టి విమానము కూలినదని విన్నప్పుడు, యంత్రము చెడిపోయి యుండుననియో, చోదకుడు దుడుకుగా నడిపి యుండుననియో జనులు సామాన్యముగా తలంతురు. కొన్ని యెడల అది నిజమే. కాని నూరేండ్లకు పైబడిన అనుభవమును పరిశీలించినచో, ఈ ప్రమాదములలో చాలవానికి మూలము మనుష్యుని కంటిలోను, జ్ఞాపకములోను, అలసటలోను, ఒక్కొక్కప్పుడు అతని రక్తములో చేరిన విషములోను కనబడుచున్నది. కావున విమానములతో ఏ సంబంధము లేనివారికి గూడ ఈ విషయము తెలిసియుండుట మంచిది.

విమానమునుండి చెట్లకు మందు చల్లు ప్రయత్నము 1921వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణ సమీపమున జరిగెను. అచ్చట కటాల్పా చెట్ల తోపును గొంగళిపురుగులు తినివేయుచుండెను. సైన్యమునకు చెందిన జాన్ మెక్రెడీ అను లెఫ్టినెంటు ఒక పాత శిక్షణ విమానమును తోపు ప్రక్కగా నడుపగా, అతనితో కూర్చున్న మరియొకడు తొట్టి పిడిని చేతితో త్రిప్పుచు సీసపు ఆర్సనేట్ పొడిని వెదజల్లెను. కొలది సంవత్సరములలోనే దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలపై ఈ పద్ధతి వ్యాపించెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమునకు అక్కరలేని స్టియర్మన్ శిక్షణ విమానములు చౌకగా అమ్మకమునకు వచ్చెను. యుద్ధమునుండి తిరిగివచ్చిన చోదకులు వానిని కొని, ముందరి ఆసనము తీసివేసి, ఆ చోట మందు తొట్టిని అమర్చుకొనిరి. పాఠములు నేర్పుటకు చేసిన విమానము ఇట్లు పొలము పనికి దిగెను. ప్రమాదములును అంతకంతకు హెచ్చెను.

ఆ ప్రమాదములలో ముందుగా చెప్పవలసినది తీగ. విద్యుత్తు తీగ, టెలిఫోను తీగ, స్తంభమును నిలబెట్టు ఊతతీగ. నేలమీద నిలచి తలయెత్తి చూచినప్పుడు తీగ ఆకాశము ఎదుట నల్లగా స్పష్టముగా కనబడును. పైనుండి చూచువానికి దాని వెనుక ఉండునది పైరు, మన్ను, చెట్ల నీడ. పాతబడిన తీగ రంగు మారి వానిలో కలిసిపోవును. ఉదయపు సూర్యుడు ఎదురుగా ఉన్నచో ఇక చెప్పనక్కరలేదు. నేటి విమానము గంటకు సుమారు 225 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 60 మీటర్లకు పైగా పోవును. కన్ను తీగను గుర్తించి, మనస్సు నిర్ణయించి, చేయి కదలి, విమానము పైకి లేచుట కారంభించునప్పటికి రెండు సెకనులైనను పట్టును. ఆ రెండు సెకనులలో విమానము 120 మీటర్లు దాటిపోవును. అంత దూరమునుండి సన్నని తీగ సామాన్యముగా కంటికి ఆనదు. అందుచేత అనుభవజ్ఞులు తీగను వెదకరు, స్తంభములను వెదకుదురు. రెండు స్తంభములు కనబడినచో నడుమ తీగ కలదనియే నమ్ముదురు. దాటవలసివచ్చినప్పుడు తీగ నడిమి భాగమున గాక స్తంభము మీదుగా దాటుదురు. ఏలయన స్తంభము కంటికి తప్పక కనబడును.

ఆశ్చర్యకరమైన సంగతి మరియొకటి కలదు. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2011వ సంవత్సరమున ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. తీగలకు తగిలిన చోదకులలో సగమునకు పైగా ఆ తీగ అచ్చట ఉన్నదని ముందే ఎరిగినవారని అందు తెలిపిరి. వారు పని ప్రారంభింపకముందు చేనిచుట్టు తిరిగి, తీగను చూచి, గుర్తుంచుకొన్నవారే. మొదటి పదిసార్లు దానిని తప్పించుకొన్నవారే. పదునొకండవసారి తొట్టిలో మందు ఎంత మిగిలినదో చూచుకొనుచునో, గాలి మారినదేమో యని చింతించుచునో, చివరి మూలలో మిగిలిన చిన్న చెక్కను ముగించి పోదమని తొందరపడుచునో తీగను మరచిరి. ఇంటిలో పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవు మరపు వంటిదే ఇది. పాలు పొంగినచో పొయ్యి ఆరును. ఇచ్చట పోవునది ప్రాణము. అందుచేతనే, పని నడుమ ఫోను మాటలాడుట, అనుకొనని పొలమునకు అప్పటికప్పుడు బయలుదేరుట వంటివి ప్రమాదకరములని చెప్పుదురు. మనస్సు ఒక్క క్షణము వేరొకచోటికి పోయినను చాలును.

ముందు చూచినప్పుడు లేనిది తరువాత మొలచుటయు కలదు. గాలివేగమును కొలుచుటకై నిలుపు సన్నని లోహస్తంభములు కొలది దినములలో లేచును. 2011 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఓక్లీ సమీపమున అట్టి స్తంభమునకు తగిలి ఒక వ్యవసాయ విమానము కూలగా చోదకుడు మరణించెను. ఆ స్తంభము ఎత్తు 197 అడుగులు. 200 అడుగులు మించినగాని విమానశాఖకు తెలుపవలసిన పని లేకుండెను. మూడడుగుల తేడా కాగితముమీద చాల గొప్పది. 2016లో అమెరికా ప్రభుత్వము ఇట్టి పొట్టి స్తంభములకును గుర్తులు ఉండవలెనని చట్టము చేసెను.

తీగ తరువాత చెప్పదగినది మలుపు. నిండు తొట్టితో బరువెక్కిన విమానము చేని చివర పైకి లేచునప్పుడు వేగము కోల్పోవును. ఆ స్థితిలో చోదకుడు గట్టిగా త్రిప్పినచో రెక్కకు గాలిపట్టు తప్పి విమానము రాయివలె దిగును. వేసవి మధ్యాహ్నమున గాలి పలుచబడును గనుక ఈ ముప్పు మరింత హెచ్చు. ఎత్తున ఉన్న విమానము దిగుచు దిగుచు మరల వేగము పుంజుకొనగలదు. పొలముపై రెండువందల అడుగుల ఎత్తున అందుకు చోటు లేదు. ఆపదలో బరువును ఒక్కసారిగా దింపివేయుటకు తొట్టి అడుగున తలుపు ఉంచుదురు. దానిని లాగుటకు క్షణకాలము ఆలస్యము చేసి నష్టపోయినవారు ఎందరో.

ఇక శరీరము. పురుగు పట్టిన పంట ఆదివారమని ఆగదు. సీజనులో చోదకులు వారముల తరబడి తెల్లవారకముందే లేచి ప్రొద్దు క్రుంకువరకు ఎగురుదురు. ఎకరముల లెక్కన కూలి ముట్టుచోట విశ్రాంతి యనగా నష్టము. ఎండ, యంత్రపు వేడి, చెమట, నీరు త్రాగ తీరికలేమి, ఇవన్నియు కలిసి కంటి చురుకుదనమును, చేతి నిదానమును హరించును. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2013లో జరిగిన 78 వ్యవసాయ విమాన ప్రమాదములను పరిశీలించి 2014లో నివేదిక ప్రకటించెను. అలసటను గూర్చి ఈ వృత్తికి తగిన మార్గదర్శకము లేకపోవుట ఒక ముఖ్యలోపమని ఆ నివేదిక పేర్కొనెను. విమానముల మరమ్మతు సరిగా లేకపోవుటయు, చోదకుల పరీక్షలు పొలము పనికి తగినట్లుగా లేకపోవుటయు అందే ప్రస్తావింపబడినవి.

అలసటకంటె మోసకారియైనది మందు. యుద్ధానంతరము వచ్చిన పారథియాన్, టి.ఇ.పి.పి. మొదలగు ఆర్గానోఫాస్ఫేట్ విషములు పురుగు నరములను దెబ్బతీయు రీతినే మనుష్యుని నరములను దెబ్బతీయును. మన నరములు కండరములకు సందేశము పంపిన పిమ్మట ఆ సందేశమును చెరిపివేయుటకు కోలినెస్టరేజ్ అను పదార్థము శరీరములో ఉండును. ఈ విషములు దానిని బంధించును. సందేశము చెరగక, చెమట, చొంగ, వాంతి, కండరముల అదురు, చివరకు ఊపిరాడకపోవుట సంభవించును. ఇది తీవ్రమైన స్థితి. గగనమున ఉన్నవానిని కూల్చుటకు ఇంత అక్కరలేదు. ఈ విషపు తుంపర కంటిలో పడినచో కనుపాప సూదిమొనవలె ముడుచుకొనును, చూపు మసకబారును. ఒక్క కంటికే తగిలినచో రెండు కన్నులు కలిసి దూరమును అంచనా కట్టు శక్తి దెబ్బతినును. టి.ఇ.పి.పి. వలన కలుగు ఈ చూపు మార్పులను గూర్చి 1956లోనే అమెరికాలో ఒక నేత్రవైద్య పత్రిక వ్యాసము ప్రకటించెను. అట్టి చోదకునికి కడుపులో త్రిప్పుట లేదు, తలనొప్పి లేదు. తాను రోగినని అతనికి తెలియదు. తెలిసినప్పటికి చెట్టు దగ్గరపడి యుండును.

అన్నిటికంటె ఎక్కువ విషము తగులువాడు నేలమీదివాడు. చిక్కని మందును నీటిలో కలిపి తొట్టికెత్తువాని చేతులు, చొక్కా ఎల్లప్పుడు తడిసియుండును. జి.పి.ఎస్. రాకముందు, విమానమునకు దారి చూపుటకై చేని అంచున జెండా పట్టుకొని నిలుచువారుండిరి. తలపై మందు కురియుచుండగా వారు నాలుగు అడుగులు ప్రక్కకు జరిగి మరల నిలచెడివారు. విమాన ప్రమాదముల లెక్కలలో వీరి పేరు కానరాదు.

ప్రమాదమును పూర్తిగా నివారింపలేనప్పుడు, కూలినవాడు బ్రతుకుట ఎట్లు? ఈ ప్రశ్నను పట్టుకొనినవాడు హ్యూ డిహేవెన్. 1917లో విమానవిద్య నేర్చుకొనుచుండగా అతని విమానము గాలిలో మరియొక దానితో ఢీకొనెను. అతడొక్కడే బ్రతికెను. కాని నడుము పట్టీకి ఉన్న మొనదేలిన లోహపు కట్టు అతని కడుపులోని అవయవములను చీల్చెను. ఆసుపత్రిలో పడియుండి అతడు ఆలోచించినది విధిని గూర్చి కాదు, ఆ కట్టును గూర్చి. 1942లో అతడు ఎత్తైన భవనములనుండి పడియు బ్రతికినవారి ఉదంతములను పరిశీలించి, దెబ్బ విశాలమైన భాగముపై పరచుకొని క్రమముగా తగిలినచో మానవశరీరము ఊహింపనంత తాకిడిని ఓర్చుకొనగలదని చూపెను. కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో అతడు సాగించిన ఈ పరిశోధన పొలముపై ఎగురు విమానములకు ముందుగా ఉపయోగపడెను. టెక్సస్ వ్యవసాయ కళాశాలలో ఫ్రెడ్ వీక్ రూపొందించిన ఏజీ-1 అను విమానము 1950 డిసెంబరులో ఎగిరెను. అందు చోదకుడు ఎత్తుగా, వెనుకగా కూర్చుండును; బరువైన తొట్టి అతని ముందుండును. కూలినప్పుడు ముందుభాగము అంచెలంచెలుగా నలిగి తాకిడిని తానే మ్రింగును. తొట్టి వెనుకనున్న పాత విమానములలో ఆ బరువే చోదకుని నలిపెడిది. వీక్ పిదప రూపొందించిన పానీ విమానమును, నేటివరకు వచ్చిన వ్యవసాయ విమానములలో చాలవియు ఈ అమరికనే అనుసరించినవి. తీగను కోయు కత్తులు, తీగ తగిలినచో దానిని చోదకుని తలమీదుగా జార్చు ఉక్కుత్రాడు గూడ చేరినవి.

మన దేశమున హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు ఇట్టి పనికై బసంత్ అను విమానమును నిర్మింపగా దాని సవరించిన నమూనా 1972లో ఎగిరెను. తోటలపై హెలికాప్టరుతో మందు చల్లిన కేరళ కాసరగోడు ప్రాంతమున ఎండోసల్ఫాన్ వలన కలిగిన కష్టము లోకవిదితము. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించెను. నేడు తెలుగు పల్లెలలో కనబడునది డ్రోన్. 2023లో మహిళా సంఘములకు డ్రోన్లు సమకూర్చు కేంద్ర పథకము వచ్చిన తరువాత ఇది మరింత పరిచితమైనది. నడుపువారు గట్టుమీద నిలుతురు గనుక కూలినను ప్రాణము దక్కును. అయినను పాత శత్రువులు రెండును అచ్చటనే ఉన్నవి. బోరుమోటార్లకు పోవు విద్యుత్తు తీగలు మన చేలమీద వ్రేలాడుచుండును. డ్రోన్ ఎకరమునకు సుమారు 10 లీటర్ల నీటితోనే పని ముగించును గనుక ఆ తొట్టిలోని మందు చేతిపంపుతో కొట్టు మందుకంటె మిక్కిలి చిక్కన. తీగకు తగిలిన డ్రోన్‌ను కఱ్ఱతో లాగుటకు పోరాదు.

విమానమైనను, డ్రోన్ అయినను కూలినచోటికి పరుగెత్తువారు ముందుగా తెగిన తీగలను చూచుకొని, విద్యుత్తు శాఖకు కబురంపి, ప్రవాహము నిలుపు చేయించవలెను. ఇంధనముండును గనుక బీడీ, అగ్గిపుల్ల దరిచేరనీయరాదు. గాలి వీచు దిక్కునుండి సమీపించి, చేతులకు రబ్బరు తొడుగులు గాని ప్లాస్టిక్ సంచులు గాని కట్టుకొనవలెను. వెన్నెముకకు దెబ్బ తగిలియుండవచ్చును. నిప్పు అంటుకొన్నగాని ఒక్కరే ఈడ్చరాదు, నలుగురు కలసి తలయు మెడయు కదలకుండ ఎత్తవలెను. మందుతో తడిసిన బట్టలను కత్తిరించి తీసివేసి, ఒంటిని, జుట్టును, గోళ్ల సందులను సబ్బుతో, సమృద్ధిగా నీటితో కడుగవలెను. పాలు, నెయ్యి, నూనె త్రాగింపరాదు; వాంతి చేయింపరాదు. 108కి ఫోను చేయుచునే మందు డబ్బా మీది చీటీని వెతికి రోగితో పంపవలెను. ఏ విషమో తెలిసినచో వైద్యుడు అట్రోపిన్ మొదలగు విరుగుడులను ఆలస్యము లేక ప్రారంభించును. సాయపడినవారు ఇంటికి పోకముందే స్నానము చేసి, తమ బట్టలను వేరుగా ఉతుకవలెను. రోగి లేచి కూర్చుండి మాటలాడినను వెంటనే ఇంటికి తీసికొనిపోరాదు. ఇట్టి విషములలో 1 నుండి 4 దినముల పిమ్మట మెడ కండరములు, ఊపిరి కండరములు మరల బలహీనపడుట కలదు; అంతవరకు ఆసుపత్రిలోనే ఉంచవలెను.