లోటస్ కార్టినా

లోటస్ కార్టినా బ్రిటన్‌కు చెందిన ప్రసిద్ధ పందెపు సెలూన్ కారు. రెండు తలుపుల ఫోర్డ్ కార్టినా బాడీలో 1,558 సీసీ లోటస్ ట్విన్ క్యామ్ ఇంజనును అమర్చి 1963లో దీనిని విడుదల చేసారు. పందెములలో అర్హత పొందుటకు నియమము ప్రకారం 1,000 కార్లు తయారు చేయవలసి ఉండెను. బరువు తగ్గించుటకు తొలి కార్ల తలుపులు, బానెట్, డిక్కీ మూతలను అల్యూమినియముతో చేసారు. వెనుక సస్పెన్షన్ ఒత్తిడి డిఫరెన్షియల్ పెట్టెపై పడి, బోల్టులు వదులై, ఆయిల్ కారుట దీని ప్రధాన లోపము. అందుచేత 1965లో కమాను పట్టీలు అమర్చారు. టీమ్ లోటస్ తరఫున జిమ్ క్లార్క్ దీనిని నడిపి 1964 బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలుచుకొన్నాడు.

సాధారణ కార్టినా బాడీయే కనుక అనుకరణలు చేయుట సులభము. కొనేవారు ఛాసిస్ సంఖ్యను పాత రికార్డులతో సరిపోల్చుకొనవలెను. తెలుపుపై ఆకుపచ్చ చార గల ఈ కారుకు వాన్‌గార్డ్స్ శ్రేణిలో 1:43 నమూనాలు వచ్చాయి. వీటి పొడవు సుమారు 10 సెంటీమీటర్లు.