చదవకుండా చేసిన సంతకం

విద్యాసంవత్సరం ఆరంభం కాగానే బిలాస్‌పూర్ స్టేషనులో ప్రతి ఏటా ఒక దృశ్యం కనిపిస్తుంది. కొత్త పెట్టెలతో, ఆవకాయ సీసాలతో మన పిల్లలు ఆంధ్ర ప్రాంతపు కళాశాలలకు బయలుదేరుతుంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో తాతలు పొట్టచేతపట్టుకొని వచ్చిన ఊరి నుంచి మనుమలు చదువు కోసం తిరిగి వెళ్తున్నారు.

1988లో నేనూ అట్లే ఒక ఇంజనీరింగు కళాశాలలో చేరాను. ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడి పెరిగినవాణ్ణి. నా యాస విని సీనియర్లు రాత్రివేళ బల్ల ఎక్కించి, ఒకే వాక్యాన్ని పలుమార్లు పలికించి నవ్వారు. నాన్నగారికి వ్రాసిన ఉత్తరాలలో ఆ సంగతి వ్రాయలేదు. మరుసటి ఏడు నేనేమి చేశాను? మారుమూల పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాణ్ణి అదే బల్ల ఎక్కించాను. పది రోజులకు అతడు పెట్టె సర్దుకొని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. దానికి 'పరిచయం' అని పేరు పెట్టుకొన్నాము.

ఆనాడు ప్రత్యేక చట్టం లేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఎగతాళి చేసి అవమానపరచినా 6 నెలల వరకు, గాయపరిస్తే 2 సంవత్సరాల వరకు జైలు. ఆత్మహత్యకు పురికొల్పితే శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. ఫిర్యాదును ఉపేక్షించిన కళాశాల అధిపతినీ నేరానికి తోడ్పడినవాడుగా పరిగణిస్తుంది. మన ఛత్తీస్‌గఢ్ కూడ 2001లో చట్టం చేసింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో వైద్య విద్యార్థి అమన్ కాచ్రూ ర్యాగింగుకు బలి అయిన పిమ్మట, అదే ఏడు జూన్‌లో యు.జి.సి. నిబంధనలు వెలువడ్డాయి. 2016 సవరణతో భాష, ప్రాంతం, కులం, రూపం ఆధారంగా వేధించడం సైతం ర్యాగింగు క్రిందికే వచ్చింది. నన్ను బల్ల ఎక్కించిన కారణం ఈనాడు నిబంధనలలో ఉన్నదన్నమాట.

ఈ నిబంధనల మేరకు ప్రవేశ సమయంలో విద్యార్థితోపాటు తల్లిదండ్రులూ ప్రమాణపత్రం ఇవ్వాలి. మా అబ్బాయి చేరినప్పుడు నేనూ సంతకం చేశాను. కొలతలు సరిచూడనిదే ఏ బిల్లు మీదా సంతకం చేయని ఇంజనీరును, దానిని చదవనే లేదు. ఇంటికి వచ్చి నకలు తీసి చూస్తే అందులో మొదటి మాటే, నిబంధనలను జాగ్రత్తగా చదివి పూర్తిగా గ్రహించానని!

వాడు రెండవ సంవత్సరంలోకి వచ్చిన సెలవులలో రెండు ప్రశ్నలు అడిగాను. "నిన్నెవరైనా బాధపెట్టారా?" అంటే "లేదు నాన్నా" అన్నాడు. "మరి నీవెవరినైనా?" అంటే తల వంచుకొన్నాడు. కోపగించలేదు, పెట్టె సర్దుకొని వెళ్లిపోయిన ఆ కుర్రవాని కథ మొదటిసారిగా చెప్పాను. సెలవులు ముగిసి వెళ్లిన వారానికి వాడే ఫోను చేసి, ఆ జూనియరును కలిసి క్షమాపణ కోరానని చెప్పాడు. నాకు ఆ అవకాశం దొరకలేదు.

సోదర ఉద్యోగులారా! పిల్లలను రైలెక్కించే ముందు ఆ పత్రాన్ని వారితో కూర్చొని చదవండి. పగలూ రాత్రీ పనిచేసే 1800-180-5522 సహాయ నంబరును వారి పుస్తకంలో వ్రాయించండి. మొదటి ప్రశ్న తల్లిదండ్రులందరూ అడుగుతారు. రెండవదీ అడగండి.